పొడిగా బిగించిన స్పాంజి

చిలకలూరిపేటలో జిన్నింగు మిల్లుల వెనక రోడ్డులో సుభానీ షెడ్డు. మిల్లులు నడిచే రోజుల్లో అక్కడ గాలి నిండా పత్తి నూగు తేలుతూ ఉంటుంది. జుట్టులో, మీసాల్లో, టీ గ్లాసులో, ఎక్కడ పడితే అక్కడ వాలుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు దగ్గుతారు. పేటవాళ్ళు టీ మీద నూగుని ఉఫ్‌మని ఊదుకుని తాగుతారు.

సుభానీ తండ్రి బుడే సాయిబు దూదేకేవాడు. భుజాన విల్లు వేసుకుని ఊళ్ళు తిరిగి పరుపులు కుట్టేవాడు. దుకాణాల్లో తయారు పరుపులు దిగాక ఆ విల్లు అటక ఎక్కింది, కొడుకు స్కూటర్ల షెడ్డులో చేరాడు. అక్కడ ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. విప్పిన వరసకు తిరగేసి బిగించడమే అతను చదివిన చదువు. బిగించాక ఒక బోల్టు మిగిలిందంటే మళ్ళీ మొత్తం విప్పేవాడు. "మిగిలింది ఒక్కటేగా సాయిబూ, పోనియ్" అంటే, "బండి దిగేటప్పుడు నీ కాలు మిగిలితే పోనిస్తావా?" అనేవాడు.

నూగు మనుషుల్నే కాదు, బళ్ళనీ పట్టుకుంటుంది. ఇంజనులోకి గాలి వెళ్ళే దారిలో స్పాంజి ఒకటి ఉంటుంది. దానికి నూనె పట్టించి బిగించమని కంపెనీవాళ్ళు చెబుతారు. పేటలో అలా బిగిస్తే నూగంతా నూనెకు అతుక్కుని, వారం తిరిగేసరికి అది కంబళి ముక్క అవుతుంది, బండి ఆయాసపడుతుంది. అందుకని పేట మెకానిక్కులు స్పాంజిని పెట్రోల్లో పిండి, ఎండలో ఆరేసి, పొడిగానే బిగిస్తారు. పొడి స్పాంజి మీద నూగు పైపైనే నిలుస్తుంది. రెండు తట్లు తడితే రాలిపోతుంది. ఇన్నేళ్ళలో ఏ బండీ ఈ పద్ధతిని తప్పుపట్టలేదు.

సుభానీతో చిన్నప్పుడు ఒకే బెంచీలో కూర్చుని చదివిన ప్రేమ్‌చంద్ పత్తి కొనుగోళ్ళు చేసేవాడు. రేగడి డొంకల్లో, బురదలో, గేరు స్కూటరు మీద ఊరూరా తిరిగి పత్తి నమూనాలు చూసొచ్చేవాడు. ఆ తిరుగుడు పిచ్చి ముదిరి, రాజస్థాన్ ఎడారిలో ఏటా చలికాలం మోటారు సైకిళ్ళకూ స్కూటర్లకూ జరిగే ర్యాలీకి ఒకసారి వెళ్ళాడు. మొదటి రోజే క్లచ్చి కేబులు తెగి తిరిగొచ్చాడు. పేటలో ఏడాది పొడుగునా నవ్వారు. రెండువేల నాలుగులో మళ్ళీ బయల్దేరుతూ షెడ్డుకి వచ్చాడు.

"ఒరేయ్, ఈసారి నువ్వు కూడా రావాలి."

"మన రేగడి చాల్లేదా నీకు? వానాకాలం తిమ్మాపురం డొంకలో దిగబడితే ఎడ్లను కట్టి లాగించాగా నిన్ను."

"బురదలో పడి లేచినోడికి ఇసకొక లెక్కా? పడ్డా మెత్తగా ఉంటది."

"మెత్తగా ఉండేది ఇసకరా. పైన పడే బండి కాదు."

అన్నాడే గానీ వెళ్ళాడు. స్కూటరు అడుగున ఇనప రేకు అతికాడు. ప్రతి కేబులుకీ పక్కన ఇంకొక కేబులు వేశాడు. వేడి తట్టుకోవాలని ఇంజను మీద డిక్కీ మూత తీసేశాడు. గాలి దారికి పెద్ద స్పాంజి పెట్టి తన చేత్తో డబ్బా చేశాడు. ప్రేమ్‌చంద్ భార్య శ్రీరమ్య "నేనూ ఎడారి చూస్తా" అని, జంతికల డబ్బా, గోంగూర పచ్చడి సీసా సర్దుకుని వాళ్ళతో రైలెక్కింది.

మొదటి రోజు దారి గట్టి నేల మీద సాగింది. స్కూటరు ముచ్చటగా నడిచింది. సాయంత్రం సుభానీ స్పాంజిని పెట్రోల్లో పిండి ఆరేశాడు. పొద్దున్నే రెండు తట్లు తట్టి బిగించాడు. ప్రేమ్‌చంద్ హెల్మెట్టు పెట్టుకుని, జెండా ఊపగానే ఇసక దిబ్బ ఎక్కి, అవతలికి దిగిపోయాడు.

అప్పుడు చూశాడు సుభానీ. పక్క గుడారం ముందు పెద్ద తలపాగా చుట్టుకున్న మెకానిక్కు ఒకడు, ఇంకా వంతు రాని బండి దగ్గర కూర్చుని స్పాంజిని నూనెలో ముంచి పిండుతున్నాడు. సుభానీకి నవ్వొచ్చింది. తనకొచ్చిన సగం హిందీలో, "నూనె పెడితే దుమ్మంతా అంటుకుపోదా?" అని అడిగాడు.

"అంటుకోవాలనేగా పెట్టేది" అన్నాడతను. కింద నుంచి చారెడు మట్టి తీసి పైకి విసిరాడు. అది ఇసకలా కింద రాలలేదు. పొగలా గాలిలోనే నిలబడింది. "నిన్నటి దారి వేరు. ఇక్కణ్ణుంచి అంతా ఇదే. పొడి స్పాంజిలోంచి నీళ్ళలా దూరిపోతుంది."

సుభానీ దిబ్బ వైపు నాలుగడుగులు పరుగెత్తి ఆగాడు. అవతల దుమ్ము తప్ప ఏమీ లేదు. ఫోన్లు పనిచేసే చోటు కాదు. మధ్యాహ్నానికి ర్యాలీ దారి ఒకచోట తారు రోడ్డుని దాటుతుంది. పెట్రోలు పోసేది అక్కడ. వెంట వచ్చినవాళ్ళ జీపులు చేరగలిగేదీ అక్కడికే. దాని తర్వాత సాయంత్రం దాకా రోడ్డు లేదు, ఊరు లేదు, మనిషి లేడు.

అక్కడికి పోయే జీపులో శ్రీరమ్య పక్కనే కూర్చుంది. డ్రైవరు పాట పెట్టాడు. సుభానీ చూపు రోడ్డు మీద ఉంది గానీ కనిపిస్తున్నది ఇంజను లోపలి భాగం. ఆ పిండిలాంటి దుమ్ము స్పాంజి దాటి లోపలికి పోతోంది. పెట్రోలుతో కలిపిన నూనెలో తడిసి సాన పట్టే ముద్దలా తయారవుతోంది. పిస్టనుని గీకుతోంది, బేరింగులని తింటోంది. ఎక్కడో ఒకచోట, ఏ దిబ్బ మీంచి దిగేటప్పుడో, ఇంజను ఒక్కసారిగా పట్టేస్తుంది. వెనక చక్రం ఆగిపోతుంది. నడిపేవాడు ఆగడు.

పేట హైవే మీద అలా ఇంజను పట్టేసిన మాస్టారొకాయన లారీ ముందు పడ్డాడు. ఆ బండి విప్పింది సుభానీయే. బండి మీద పెద్ద దెబ్బలేం లేవు.

"అన్నయ్యా, ఆ ఒంటెను చూశారా? మూతి అచ్చం మా మావగారిలా లేదూ?" అంది శ్రీరమ్య.

"ఆఁ అమ్మా."

"మా ఆయన ముందర అనకండేం. జంతికలు తినండి."

ఒక జంతిక నోట్లో పెట్టుకున్నాడు. ఎదురుగా వచ్చిన లారీ దుమ్ము రేపితే శ్రీరమ్య చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని, అయినా తుమ్మి, సీసాలో నీళ్ళతో చున్నీ కొస తడుపుకుని మళ్ళీ పెట్టుకుంది. సుభానీ ఆ తడి కొస వైపే చూస్తూ ఉండిపోయాడు. అతని భార్య కరీమున్ కారం మిల్లులో పనిచేస్తుంది. పనిలోకి దిగే ముందు తువ్వాలు తడిపి గానీ ముక్కుకి కట్టదు. పొడి గుడ్డ కారాన్ని ఆపదని మిల్లులో పిల్లకాయలకి కూడా తెలుసు. రోజూ దండెం మీద ఆరే ఆ తువ్వాలుని తన కళ్ళతోనే చూస్తున్నాడు. చూసిన కళ్ళూ బిగించిన చేతులూ ఒక మనిషివే. చేతులు మాత్రం పేట నూగునే నమ్ముకున్నాయి.

'చెప్పు' అనుకున్నాడు. చెబితే ఏం చేస్తుంది, ఈ జీపు ఇంతకంటే వేగంగా పోతుందా? తనతో పాటు ఇంకొక ప్రాణాన్ని ఇప్పటినుంచే ఎందుకు నలపడం? అని సర్దిచెప్పుకున్నాడు. అది జాలి కాదు, భయమని లోపల తెలుస్తూనే ఉంది.

రోడ్డు దాటే చోట తాళ్ళు కట్టి, పెట్రోలు డ్రమ్ములు పెట్టి ఉన్నాయి. తాడు లోపల బండిని నడిపేవాడే తాకాలి. వెంట వచ్చినవాళ్ళు ఎవరు చెయ్యి వేసినా ఆ బండి ర్యాలీలోంచి పోయినట్టే. ఆ మాట అక్కడ కాపలా ఉన్న అధికారి ప్రతి జీపు దగ్గరకీ వచ్చి చెప్పాడు.

బళ్ళు ఒక్కొక్కటే రావడం మొదలైంది. ప్రతి చప్పుడుకీ సుభానీ తల ఎత్తేవాడు. ప్రేమ్‌చంద్ వెనక బయల్దేరిన ఎర్ర మోటారు సైకిలు వచ్చి వెళ్ళింది. దాని వెనకది కూడా వెళ్ళింది. తలపాగా మెకానిక్కు పంపిన బండి సైతం వచ్చి, పెట్రోలు పోసుకుని వెళ్ళిపోయింది. శ్రీరమ్య జంతికల డబ్బా మూత పెట్టేసింది.

"అన్నయ్యా, వీళ్ళంతా ఆయన తర్వాత బయల్దేరినోళ్ళు కదూ?"

"అవునమ్మా."

"మరి?"

ఇక దాచలేకపోయాడు. "అమ్మా, తప్పు జరిగింది. నా వల్లే. స్పాంజికి నూనె పెట్టాల్సింది, మన పేటలో లాగా పొడిగా బిగించా. దుమ్ము ఇంజనులోకి పోయుంటది."

ఆమెకి స్పాంజి సంగతి అర్థం కాలేదు. అతని మొహం అర్థమైంది. "పడతారా?" అని ఒక్క మాట అడిగింది.

"పడొచ్చమ్మా."

ఆమె వెళ్ళి జీపు కడ్డీ పట్టుకుని నిలబడింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది సుభానీకి. ఎండ నడినెత్తికి వచ్చింది. వచ్చే బళ్ళు పలచబడ్డాయి. ఖాళీగా ఉన్న దారిని చూడలేక కళ్ళు మూసుకుంటే ఆ మాస్టారి స్కూటరు కనిపించేది. మళ్ళీ తెరిచేవాడు.

బండి కనపడక ముందే చప్పుడు వినపడింది. తన చేత్తో బిగించిన ఇంజనుని వెయ్యింటిలో పోల్చుకోగలడు. కానీ ఇప్పుడు అందులో రోట్లో గులకరాళ్ళు వేసి తిప్పినట్టు గరగర ఉంది. శ్రీరమ్య "వచ్చారు! వచ్చారన్నయ్యా!" అని అరిచింది. ఆమెకి బండి రావడమే వినపడింది. సుభానీకి ఆ బండి ఇంక ఎంత దూరం పోగలదో వినపడింది.

ప్రేమ్‌చంద్ మొహం మీద దుమ్ము, కనురెప్పల మీద దుమ్ము, మధ్యలో నవ్వు. తాడు లోపలికొచ్చి, ఇంజను ఆపకుండానే అరిచాడు.

"ఒరేయ్! దారి తప్పి చుట్టు తిరిగొచ్చా. బండి మాత్రం బంగారంరా. కాస్త గుర్రుమంటోంది, అంతే!"

"ఆపు! ఇంజను ఆపెయ్ రా!"

"ఆపితే మళ్ళీ అందుకోడానికి చాలా తన్నాల్సొస్తంది. ట్యాంకులో సగానికి పైనే ఉంది, పెట్రోలు అక్కర్లా. ఎళ్ళిపోతా."

గేరు వెయ్యడానికి ఎడమ చెయ్యి మెలితిప్పబోతున్నాడు. తాడు అవతల దారి ఎత్తైన దిబ్బ ఎక్కుతోంది. అక్కడిదాకా వెళ్ళిన బళ్ళు ఒక్క క్షణం ఆకాశంలో ఆగినట్టు కనిపించి, అవతలికి జారి మాయమవుతున్నాయి. సుభానీ తాడు కింద నుంచి దూరాడు. అధికారి ఈల వేశాడు. సుభానీ వంగి, మూత లేని ఇంజను మీద చెయ్యి పెట్టి ప్లగ్గు వైరు పట్టుకు లాగాడు. షాకు మోచేతిదాకా కొట్టింది. అయినా వదల్లేదు.

ఇంజను ఆగింది. ఆ నిశ్శబ్దంలో అధికారి వచ్చి, స్కూటరు మీదున్న నంబరు కాగితాన్ని చించి తీసుకుపోయాడు.

"ఏం చేశావురా!" ప్రేమ్‌చంద్ కేకేశాడు. "పిచ్చి పట్టిందా నీకు? పోయినేడు కేబులు తెగింది. ఈయేడు నా సొంత మెకానిక్కే నన్ను తెంపేశాడని చెప్పుకోనా ఊళ్ళో?"

"స్పాంజి పొడిగా బిగించా."

"ఏంది?"

"పేటలో బిగించినట్టే బిగించా. లోపలంతా దుమ్మే. తప్పు నాది, తిట్టు, కొట్టు. ఈ బండి మాత్రం ఎక్కమాక."

"ఇందాకటిదాకా నడిచిందిగా! ఎళ్తే ఎళ్ళేవాణ్ణిగా!"

వైరు లాక్కుని తనే ప్లగ్గుకి తగిలించాడు. కిక్కరు మీద కాలేసి తన్నాడు. అది కదల్లేదు. రెండు కాళ్ళ మీద లేచి, ఒళ్ళు బరువంతా వేసి తన్నాడు. గోడని తన్నినట్టుంది. వేడి మీద ఎలాగో తిరిగిన ఇంజను, ఆగిన కాసేపటికే పట్టేసింది. గేరులో వేసి ముందుకు తోస్తే వెనక చక్రం తిరగలేదు. ఇసకలో గీత గీసుకుంటూ జరిగింది.

ప్రేమ్‌చంద్ తలెత్తి దిబ్బ వైపు చూశాడు. అప్పుడే ఒక మోటారు సైకిలు పైకెక్కి, ఆకాశంలో ఆగి, మాయమైంది. హెల్మెట్టు తీద్దామని గడ్డం కింద పట్టీ కోసం తడుముకున్నాడు. వేళ్ళకి దొరకలేదు. మళ్ళీ తడుముకున్నాడు. సుభానీ దగ్గరికొచ్చి ఆ పట్టీ విప్పాడు.

శ్రీరమ్య నీళ్ళ సీసా తెచ్చి మొగుడి చేతిలో పెట్టబోయి, దాంతోనే భుజం మీద ఒక్కటి వేసింది. "తాగండి ముందు" అని అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

పేటకి వచ్చాక సుభానీ ఇంజను విప్పుతుంటే ప్రేమ్‌చంద్ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. పిస్టను ఎలకలు కొరికిన చెక్కలా ఉంది. దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూసి, "ఆ దిబ్బ దిగేటప్పుడు..." అని ఆగిపోయాడు.

"ఊఁ" అన్నాడు సుభానీ.

ఆ తర్వాత ఏ బండి వచ్చినా సుభానీ మొదట అడిగేది ఒక్కటే: "ఎటు తిరుగుద్దిది?" మిల్లుల వైపయితే పొడి స్పాంజి. బల్లికురవ గ్రానైటు క్వారీల వైపయితే నూనె స్పాంజి. "సాయిబు బళ్ళకి జాతకం చూస్తన్నాడు" అని నవ్వేవాళ్ళు. నవ్వనిచ్చేవాడు. కొన్నాళ్ళు బిగించిన బండి వీధి మలుపు తిరిగి చప్పుడు ఆగిపోయేదాకా పని మొదలుపెట్టలేకపోయేవాడు.

మరుసటేడు చలికాలానికి ముందు ప్రేమ్‌చంద్ మళ్ళీ వచ్చి నిలబడ్డాడు.

"ఇంకెవర్నన్నా తీసుకుపోరా" అన్నాడు సుభానీ. "నాకు భయం."

"నాకు మాత్రం లేదా? భయం లేనోణ్ణి ఎంట పెట్టుకుని ఎట్టా ఎళ్ళమంటావు?"

వెళ్ళారు. ఎడారిలో మొదటి పొద్దున సుభానీ స్పాంజిని నూనెలో ముంచి, పిండి, బిగించి, విప్పి చూసుకుని, మళ్ళీ బిగించాడు. ప్రేమ్‌చంద్ హెల్మెట్టు పెట్టుకుని వచ్చాడు. బండి ఎక్కలేదు. వంగి, డబ్బా మూత తనే తీసి, స్పాంజి మీద వేలు పెట్టి నొక్కి, ఆ వేలుని వెలుగులో పెట్టి చూశాడు. మెకానిక్కు పనిని అలా వేలు పెట్టి చూస్తే పేటలో ఎవరైనా రెంచీ విసిరికొట్టి పోతారు. సుభానీ మాత్రం పొద్దుటి నుంచీ బిగబట్టిన ఊపిరిని కాస్త వదిలాడు.

"చాల్రా?" అన్నాడు.

"ఇంకోసారి చూడనీ" అని ప్రేమ్‌చంద్ రెండో వైపు కూడా నొక్కి చూసి, వేలు ప్యాంటుకి తుడుచుకుని, మూత పెట్టాడు.