గంజితో మూసిన పేజీలు

నాకు అక్షరాలు వచ్చేసరికి పదహారేళ్లు. కాశిబుగ్గలో మా నాయిన మగ్గం నేసేవాడు. మేం కిరస్తానీలం. బైబిలు చదువుకోవాలని పాస్టరమ్మ నాకు ఓనమాలు నేర్పింది. నేర్చుకున్నాక బైబిలొక్కటే చదివి ఊరుకుంటానని అందరూ అనుకున్నారు. అది వాళ్ల పొరపాటు.

హనుమకొండ గ్రంథాలయం నుంచి పిల్లల కథల పుస్తకం తెచ్చుకున్నాను. ఈ వయసులో పిల్లల పుస్తకమేమిటని నవ్వేవాళ్లు నవ్వారు. అందులో అక్షరాలు పెద్దవి, నాకవే కావాలి. నాయినకు చదువు రాదు, బొమ్మలు చూసేవాడు. కిరీటం కనబడితే చాలు, దేవుడే.

ఒక పొద్దున నేను నీళ్లు తెచ్చేలోగా, పడుగు దారాలకు పెట్టే గంజితో నాలుగు పేజీలు ఒకదానికొకటి అతికించేశాడు. ఎక్కడా ముడత లేదు. నేతగాడి చెయ్యి కదా.

"ఇగ సదువుకో బిడ్డా. విగ్రహాలు మూసిన, మిగిలింది నీదే" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. కథ సగంలో ఉంది. పైగా పుస్తకం పాడైతే గ్రంథాలయంలో నాకు ఇంకొకటి ఇవ్వరు. గంజి సంగతి నాకు నేర్పింది నాయినే. తడిగుడ్డ వేసి, కాసేపు ఆగి, అంచు నుంచి మెల్లగా లాగాలి. ఆయన మగ్గానికి ఎదురుగా కూర్చునే లాగాను.

విడిన పేజీ కూడబలుక్కుని చదివి, "దేవుడు కాదు నాయినా, పగటి వేషగాడు" అన్నాను.

"ఏం ఏషమేసిండు?"

"దేవుని ఏషమే."

"మరి మూసుడే నయం గద!"

పక్కన నూలు కండెలు చుడుతున్న మా అవ్వ ఫక్కున నవ్వింది. "ఏషగానికి గూడ బువ్వ గావాలె గదయ్యా!"

"పాస్టరయ్యకు చెప్త" అన్నాడు నాయిన.

"చెప్పు. అక్షరాలు నేర్పింది పాస్టరమ్మనే. ఎందుకు నేర్పిందో ఆమెనే అడుగు."

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. మగ్గం మాత్రం ఆ పూటంతా ధడధడలాడించాడు. ఆ బొమ్మ నిజంగా దేవుడిదే అయినా నేను విప్పేదాన్ని.

మర్నాడు గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే ఆయన ఆ బిరుసు పేజీలు వేలితో తడిమి, "ఇదేందమ్మా?" అన్నాడు.

"మా నాయిన అతికిచ్చిండు, నేనిప్పిన. ఒక్క పేజీ పోలే, సూస్కోండ్రి."

ఆయన ప్రతి పేజీ తిప్పి చూశాడు. "ఇంకోటి తీస్కపో. గంజి గిన్నెకు జర దూరం పెట్టు" అన్నాడు.

అట్ట మీదే కిరీటం ఉన్న పుస్తకాన్ని ఏరుకున్నాను. కొంగు కింద దాచకుండా, మా ప్రార్థన మందిరం ముందు నుంచే నడిచి వచ్చి నాయిన ఎదుట పెట్టాను. మూయాలంటే ఈసారి అట్ట నుంచే మొదలుపెట్టాలి.