ఖిల్లా మీదికి సద్దిమూట

మా పెద్దమ్మ ఈ శ్రావణంలో కన్నుమూసింది. ఏటా ఆ నెలలో రామగిరి ఖిల్లా ఎక్కినవారెవరైనా, సద్దిమూట నెత్తిన పెట్టుకుని అందరికంటే ముందు నడిచే బక్కపలచని ముసలామెను చూసే ఉంటారు. నన్ను కన్న అవ్వ పోయాక ఆమె చేతి ముద్దలు తిని పెరిగినదాన్ని నేను. కళ్లనీళ్లు పెట్టుకుంటే, ‘ఏడ్సుడు తర్వాత, ముందు పొయ్యి మీద కూర సూడు’ అని కసిరేది.

రజాకార్ల గడబిడలో ఊరి పడుచువాళ్లు ఆ ఖిల్లాలోనే తలదాచుకున్నారు. తల్లులు వంతులవారీగా అన్నం మోశారు. గడబిడ సద్దుమణిగాక అందరూ దిగివచ్చారు, పెద్దమ్మ ఒక్కగానొక్క కొడుకు రాలేదు. గోదావరి దాటి చాందా వైపు పోయాడన్నారు, పులి పాలయ్యాడన్నారు. చూసినవాళ్లు మాత్రం లేరు.

మా వైపు పెత్రమాసకు చనిపోయినవారి పేరు చెప్పి అయ్యగారికి బియ్యం ఇస్తాం. కొడుకు ఆత్మ ఆకలితో తిరుగుతున్నదేమోనని ఆమె పెనిమిటి, మా పెద్దబాపు, వాడి పేరు మీదా ఏటా ఇద్దామనేవాడు. పెద్దమ్మ ఒప్పుకునేది కాదు.

“నేను గా బియ్యం ఇచ్చిన్నాడే నా కొడుకు సచ్చినట్టు. నేనియ్య.”

ఆ ఒక్క విషయంలో వాళ్లకు పడలేదు. శ్రావణంలో ఆమె ఖిల్లాకు పోయేది, ఆ పూట ఆయన గడప దాటేవాడు కాదు.

ఒకసారి నేనూ వెంట వెళ్లాను. జనం ఫిరంగి చుట్టూ మూగారు, కొందరు మందుచెట్లు వెతుక్కున్నారు. ఆమె అవేవీ చూడలేదు. కూలిన దర్వాజ దగ్గర కూర్చుని, జొన్నరొట్టె మీద తొక్కు పెట్టి, తినడానికి పిలిచినట్టే కొడుకును మెల్లగా పేరుపెట్టి పిలిచింది. మేము లేవగానే కోతులు దూకాయి. నేను రాయి అందుకుంటే చెయ్యి పట్టుకుంది.

“తిననీ బిడ్డా. వాడు ఏ ఊర్ల ఉన్నడో. ఆడ గూడ ఎవలో ఒకలు గిట్లనే పెడ్తరు.”



మొన్నటి పెత్రమాసకు పెద్దబాపు రెండు చాటల్లో బియ్యం పోసి పెట్టాడు. ఇక అడ్డుచెప్పేవాళ్లు లేరు. పెద్దమ్మ పేరు మీద అయ్యగారు మొదటి చాట పుచ్చుకుని, రెండోది ఎవరి పేరు మీద అని అడిగారు. పెద్దబాపు కొడుకు పేరు చెప్పబోయి, చాటను తనవైపు లాక్కున్నాడు. అయ్యగారు మళ్లీ అడిగారు. ఆయన చాట ఎత్తుకుని లోపలికి వచ్చి నా ముందు పెట్టాడు.

“వండు బిడ్డా. పొద్దుగాల ఖిల్లా మీదికి పోదాం. నాకు తొవ్వ తెల్వది, నువ్వు సూపియ్యాలె.”

నేను ఏడుస్తూనే పొయ్యి వెలిగించాను. ఆయన పక్కన కూర్చుని, బియ్యంలో రాళ్లు ఏరుతున్నాడు.