గుమ్మడి తినని ఇల్లు, ఏమీ తినని డ్రైవరు

పోయిన వేసవిలో ఈ బ్లాగులో మా అత్తగారింట్లో పొట్లకాయ ఎందుకు వండరో రాశాను. దాని కింద మీలో చాలామంది మీ మీ ఇళ్ళలో తినని కూరల గురించి రాశారు. ఒకరింట్లో ములక్కాడ పనికిరాదు, ఇంకొకాయన ఇంట్లో బచ్చలి తీగ గడప దాటి లోపలికి రాకూడదు. వాటన్నిటి మధ్య కోయంబత్తూరులో ఉద్యోగం చేసే ఒక అమ్మాయి రాసిన నాలుగు వాక్యాలు నన్ను వదల్లేదు. వాళ్ళ అవ్వది కోవిల్‌పట్టి దగ్గర నల్లరేగడి ఊరు. ఎన్నో తరాల కిందట తెలుగు నేల నుంచి అటు వెళ్ళిన రైతులు, ఇంట్లో ఇప్పటికీ తెలుగే. వాళ్ళ ఇంటిపేరు వాళ్ళు గుమ్మడికాయ ముట్టరట. ఎందుకో మా అవ్వ నోటితోనే వినండి అని ఆ అమ్మాయి పిలిచింది. వెళ్ళాను, విన్నాను. తిరిగొచ్చి వారమైనా నా కోపం మాత్రం తగ్గలేదు. ఈసారి పోస్టు కాస్త ఘాటుగా ఉంటే సర్దుకోండి.

చెన్నై ఎగ్మూరులో రాత్రి రైలెక్కితే పొద్దున కోవిల్‌పట్టిలో దిగొచ్చు. స్లీపరు నాలుగు వందల చిల్లర, ఏసీ అయితే వెయ్యి దాటుతుంది. పల్లెలకు బస్సులున్నాయి గానీ వాటి వేళలు మనకు కుదరవు. అందుకని రోజంతటికీ ఒక కారు మాట్లాడుకున్నాను. పొద్దున కోవిల్‌పట్టి స్టేషనులో ఎక్కించుకుని, సాయంత్రం విరుదునగర్ స్టేషనులో దింపడానికి డీజిలుతో కలిపి మూడు వేలు. డ్రైవరు మారిముత్తు, నలభై ఏళ్ళ మనిషి, తక్కువ మాట్లాడతాడు, బండి నెమ్మదిగా నడుపుతాడు. నాది నెల్లూరు, చెన్నైలో చదువుకున్నప్పటి తమిళంతో నెట్టుకొచ్చాను. స్టేషను ఎదుట హోటల్లో ఆయన పక్క బల్ల మీద కూర్చుని ఇడ్లీ, వడ తిని, రెండు టీలు తాగాడు. తర్వాత ఊళ్ళో కడలమిట్టాయి, అంటే మన పల్లీ చిక్కీ, చేసేచోటికి తీసుకెళ్ళాడు. పొద్దున తొమ్మిదిలోపు వెళ్తే పాకం పోయడం చూడొచ్చు. వేడి ముక్క చేతిలో పెడతారు. ఆయనా ఒకటి తీసుకుని నమిలాడు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మారిముత్తు తిండి మీద అలిగే మనిషి కాదని మీకు తెలియాలి.

ఊరు అక్కడి నుంచి అరగంట. పేరు రాయను. దారికి రెండు వైపులా పత్తి, మొక్కజొన్న, మధ్యమధ్య బీళ్ళు. అవ్వ అరుగు మీదే కూర్చుని ఎదురుచూస్తోంది. డెబ్బై అయిదేళ్ళుంటాయి, ఒక కన్ను మసక. నన్ను చూడగానే "రామ్మా, దూరాన్నించి వస్తివి, కాళ్ళు కడుక్కో" అంది. ఆ పాతకాలపు పలుకు వింటే మా నాయనమ్మ గుర్తొచ్చి నాకు ప్రాణం లేచొచ్చింది. నా ఇంటిపేరు అడిగింది, మా ఊరు అడిగింది, తృప్తిగా తల ఊపింది. తర్వాత మారిముత్తు వైపు తిరిగి తమిళంలో ఏ ఊరు, ఎవరి కొడుకువి, ఊళ్ళో ఏ పక్క అని అడిగింది. ఆయన ఆ ఇంటికి అంతకుముందు చాలాసార్లు వచ్చాడని నాకు తర్వాత తెలిసింది, కన్ను మసకై గుర్తుపట్టలేదనుకుంటాను. ఆయన నేల చూస్తూ మెల్లగా జవాబు చెప్పాడు. పెద్దావిడ ఎంత ఆప్యాయంగా అడుగుతోందో అనుకున్నాను నేను.

కోడలు జ్యోతి టీ పెడతానంటే మారిముత్తు వద్దన్నాడు, డాక్టరు మానేయమన్నాడట. పొద్దున రెండు టీలు తాగిన మనిషి! భోజనం సంగతి కూడా ముందే తేల్చేశాడు, ఈ రోజు షష్ఠి, ఉపవాసం అని. ఇడ్లీ, వడ తిన్నాక ఇదేం ఉపవాసమని నాకు చిర్రెత్తుకొచ్చింది. అంత దూరం నుంచి వచ్చినవాళ్ళకు ప్రేమగా పెడుతుంటే ఈ వంకలేమిటి? జ్యోతితో నవ్వుతూ అనేశాను కూడా, మా డ్రైవరుకు రాచమర్యాదలు కావాలేమో అని. ఆమె నవ్వలేదు. మారిముత్తు వెళ్ళి కారులో కూర్చున్నాడు.

లోపల అవ్వ కథ మొదలుపెట్టింది. ఆమె మాటల్లోనే పెడుతున్నాను, నేను చెప్తే ఆ రుచి రాదు. "మా పెద్దోండ్లు ఉత్తరాన్నించి పారిపోయి వస్తా ఉంటే దండు ఎనకాలే తరుముకోని వచ్చెనంట. ఒకామె సంకలో పసిబిడ్డ. దాగేదానికి చోటు లేదు, చుట్టూ వట్టి బయలు. గుమ్మడి తీగల్లో దూరి పండుకొనిరి. దండు పక్కనే నడిసిపోయె, బిడ్డ అరవలా, ఆకులు కదలలా. ఆ దినం మాట ఇచ్చిరి. మా ఉసురు కాపాడిన దాన్ని మేము కోసేది లేదు, తినేది లేదు." పెళ్ళిళ్ళలో సాంబారులో ఒక్క గుమ్మడి ముక్క కనబడినా వాళ్ళ ఇంటిపేరు వాళ్ళు ఆకు మడిచి లేచి వచ్చేస్తారట. ఎవరూ తప్పు పట్టరట, పైగా ఆ వంటవాణ్ణే కేకలేస్తారట. ఒక పాదుకు ఇచ్చిన మాటను ఇన్ని తరాలు నిలబెట్టుకున్న మనుషులు. నా కళ్ళు చెమర్చాయని ఒప్పుకుంటాను.

ఒంటిగంటన్నరకు అరిటాకులు వేశారు. ఆ పక్క పల్లెల్లో మినప్పప్పు, బియ్యం కలిపి వండే ఉళుందు సోరు, నువ్వుల పచ్చడి, ఉస్తికాయల పులుసు, గడ్డపెరుగు. నేను సగం తిన్నాక మనసు ఆగక, ఉపవాసమైనా మజ్జిగ తాగొచ్చు కదా, మారిముత్తుకు కాస్త ఇవ్వమని జ్యోతితో అన్నాను. ఆమె స్టీలు గ్లాసులో పోసింది. అప్పుడు అవ్వ, గొంతేమీ తగ్గించకుండా, "ఆ గలాసులో వద్దు జోతీ. గూట్లో కాగితం కప్పు ఉండాది సూడు, దాంట్లో పోసి గడప బయట పెట్టిరా" అంది. నా వైపు తిరిగి, ఇంటి మనిషికి చెప్పినట్టు, "ఆ పిల్లోడు కాలనీవోడమ్మా. మనిండ్లల్లో వాండ్లు తినేది లేదు" అంది.

కాలనీ అంటే అక్కడ ఊరికి అవతలి దళితవాడ. పొద్దున నా ఇంటిపేరు ఎందుకు అడిగిందో, మారిముత్తును ఏ పక్క అని ఎందుకు అడిగిందో అప్పుడు తెలిసింది. వాళ్ళు తినేది లేదట! గుమ్మడి తినకపోవడం వాళ్ళు పెట్టుకున్న మాట, వాళ్ళ ఇష్టం. మారిముత్తు తినకపోవడం ఎవరి ఇష్టం? లోపలికి రానివ్వనిది వీళ్ళు, తినడు అన్న పేరు ఆయనకు. పెట్టనివాళ్ళ మీద మచ్చ పడకుండా ఎంత శుభ్రంగా అమర్చుకున్నారో చూడండి. నా ఒళ్ళు మండిపోయింది. అన్నిటికంటే ఆ "మనిండ్లల్లో" అన్న మాటకు మండింది. భాష కలిసిందని, ఇంటిపేరు నచ్చిందని, నన్ను అడక్కుండానే నన్నూ ఆ గడపకు లోపలి పక్కన లెక్కేసుకుంది.

ఆయన్ని లోపలికి పిలిచి ఇదే వరసలో ఆకు వేయమన్నాను. అవ్వకు నిజంగానే అర్థం కాలేదు. తానెవరినైనా తిట్టిందా, కొట్టిందా? ఆ పిల్లోడు అడగనేలేదు కదా, పద్ధతి తెలిసినవాడు కదా అంది. జ్యోతి మాత్రం తలెత్తలేదు. నేను చెయ్యి తీసేసి అన్నాను, "గుమ్మడి ముక్క కనబడితే మీరు లేచి వచ్చేస్తారు కదవ్వా. నేను తినలేనిది ఈ ఇంట్లో కనబడింది." ఆకు మడిచి లేచాను. గరిటె పట్టుకుని అవ్వ అలాగే కూర్చుండిపోయింది. గడప బయట కాగితం కప్పులో మజ్జిగ నిండుగా ఉంది, ఎవరూ తాగలేదు. నా ముఖం చూసి మారిముత్తు ఏమీ అడక్కుండా బండి తీశాడు.

కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ దాకా నాలుగు వరసల హైవే, యాభై కిలోమీటర్లు, గంట లోపే. సాత్తూరు దగ్గర ఎడమవైపు తాయిల్‌పట్టి, శివకాశి దారులు చీలుతాయి. ఆ దారంతా నేను ఒకటే మాట్లాడాను. జరిగింది చెప్పాను, అవ్వను దులిపేశాను, అలాంటి ఇళ్ళను దులిపేశాను. ఆయన "సరి మేడమ్" అని మాత్రం అన్నాడు. మొహమాటం అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఒక కృతజ్ఞత మాట కోసం ఎదురుచూశాను.

విరుదునగర్‌లో పరోటాను నూనెలో వేయిస్తారు. అరచేయంత ఉంటుంది, అంచులు కరకరలాడతాయి, మీద మటన్ సాల్నా, అంటే పల్చటి మాంసం పులుసు, పోసి నానబెట్టుకుని తినాలి. పొయ్యి వెలిగించేది సాయంత్రం అయిదు దాటాకే, ముందు వెళ్తే ఊరికే కూర్చోవాలి. ఇద్దరికీ కలిపి మూడు వందలలోపే అయింది. ఈసారి మారిముత్తును నా బల్ల దగ్గరే కూర్చోమన్నాను. కూర్చున్నాడు, పరోటాలు, మటన్ సాల్నా కడుపునిండా తిన్నాడు. నాకు ఏదో గెలిచినట్టనిపించింది. షష్ఠి ఏమైందని నవ్వుతూ అడిగాను.

"షష్ఠీ లేదు, డాక్టరూ లేడక్కా. ఆ ఇండ్లకి పోయిన దినమంతా నాకు ఉపవాసమే" అన్నాడు. తెలుగులో! అవ్వ మాట్లాడిన తెలుగులోనే. నేను తెల్లబోయి చూస్తుంటే చెప్పుకొచ్చాడు. వాళ్ళమ్మ ఆ రైతుల చేలలో పత్తికి కలుపు తీసేదట. గట్ల మీద పెరిగిన పిల్లవాడికి భాష దానంతటదే వచ్చింది. కానీ ఆ ఊళ్ళలో తెలుగు మాట్లాడితే ముందు సంతోషపడి, మరు మాటలో ఎవరింటివాడివని అడుగుతారు. అందుకని తమిళమే మాట్లాడతాడు. అంటే గడప లోపల అవ్వ అన్న మాటల్లో కారు కిటికీ దాకా వినబడినవన్నీ ఆయనకు అర్థమయ్యాయన్నమాట. రాచమర్యాదలన్న నా వెక్కిరింత కూడా తెలుగే.

ఆయన బేరాల్లో సగం ఆ ఊరివే. పెళ్ళిళ్ళకు, పరీక్షలకు, ఆస్పత్రికి జ్యోతి పిలిచేది ఆయన్నే. మర్నాడు పొద్దున అవ్వను కంటి ఆపరేషనుకు మదురై తీసుకెళ్ళాల్సింది కూడా ఆయనే. "ఆ యవ్వ నా కారులో కూచుంటాది. కన్ను తెలీదని నా చెయ్యి పట్టుకునే దిగుతాది. తిండి దగ్గర మాత్రం నేను వద్దంటాను, ఆమె సరే అంటాది. మీరు జగడం పెట్టుకునేముందర నన్నొక మాట అడగచ్చు గదక్కా?" గొంతు పెంచలేదు.

అప్పుడే ఫోను మోగింది. జ్యోతి. ఆయన తమిళంలో సరి అక్కా, సరి అక్కా అని పెట్టేశాడు. రేపటికి వేరే బండి మాట్లాడుకున్నారట, ఇకమీద అవసరమైతే వాళ్ళే పిలుస్తారట. నేను ఫోను చేసి మాట్లాడతానంటే చెయ్యి అడ్డం పెట్టాడు, మీరు ఇంకొక్క మాటన్నా నాకు ఇంకో ఇల్లు పోతుందని. ఫోను జేబులో పెట్టుకుంటూ అన్నాడు, "ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో వద్దనింది నేను. ఈ దినం వాండ్లు నన్ను వద్దనిరి."

స్టేషను మెట్ల దాకా నా సంచి మోసుకొచ్చి ఇచ్చి వెళ్ళిపోయాడు. చెన్నై రైళ్ళు విరుదునగర్ నుంచి రాత్రి ఎనిమిది దాటాక వరసగా ఉన్నాయి, ముందే బుక్ చేసుకోండి. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతూనే ఉంది. ఆకు మీద నుంచి లేచినందుకు బాధ లేదు, మళ్ళీ అలాంటి ఇంట్లో కూర్చున్నా లేస్తాను. కానీ లేచింది నేను, అవమానపడ్డది అవ్వ, శిక్ష పడింది మాత్రం మారిముత్తుకు. అవ్వకు నా మీద కోపమొస్తే నన్నేమీ చేయలేదు, చేయగలిగింది ఆయన్నే. ఆ ఇంట్లో ఆయన చేతిలో ఉన్నది ఒక్క వద్దు అనే మాట. నేను మంచిపని అనుకుంటూ వెళ్ళి అది లాక్కొచ్చాను. ఇది రాసేముందు ఆయనకు ఫోను చేసి అడిగాను, పేరు మార్చి రాయమన్నాడు, మార్చాను. నన్ను ఆ ఊరికి పిలిచిన అవ్వ మనవరాలికి కూడా పంపాను. "పెట్టేయండి" అని ఒక్క మాట రాసింది.

వెళ్ళేవాళ్ళకు ఒకే ఒక సలహా. దారిలో ఎవరైనా ఇంటికి భోజనానికి పిలిస్తే, ఒప్పుకునే ముందు మీ డ్రైవరును పక్కకు పిలిచి ఆ ఇంటికి వెళ్దామా అని అడగండి. వద్దంటే ఎందుకని అడక్కుండా ఇద్దరూ ఏదో ఒక హోటల్లో తినండి. ఈ రోజు నాకు ఉపవాసం అన్నాడంటే, అది కూడా వద్దన్నట్టే.