రెండు మిల్లీమీటర్ల మనిషి

ఓరిన్ స్కోగ్‌స్టాడ్ గురించి చెడుగా చెప్పేవాళ్ళు మా ఊళ్ళో లేరు. చెడు చేయడానికైనా కొంత సొంత బుద్ధి ఉండాలి. ఉత్తర మిన్నెసోటాలో, ఏడాదిలో సగం మంచు కింద పడుకునే ఈ ఊళ్ళో, ఎదుటివాడి మాటకు అడ్డం చెప్పకపోవడాన్ని మేం మర్యాద అంటాం. ఓరిన్ ఆ మర్యాదలోనే పుట్టాడు, సరస్సు నీటిలో చిక్కిన ఆకులా అందులోనే గడ్డకట్టాడు. అన్న చేపలకి పోదామంటే చేపలకి పోయాడు. డోరిస్ "మనం పెళ్ళి చేసుకుంటాం కదూ" అంటే "కాబోలు" అన్నాడు. చర్చిలో పాడేటప్పుడు పక్కవాడు నోరు తెరిచాకే తనూ తెరిచేవాడు. అతని గొంతు ఎప్పుడూ పాట వెనకాల నడిచే నీడ.

అలాంటి మనిషిని, తన కళ్ళతో తాను చూడటమే పనిగా ఉన్న ఉద్యోగంలో పెట్టారు.

అప్పుడు మా ఆసుపత్రిలో పుట్టిన పిల్లల్ని కొలిచే పెద్ద పని మొదలైంది. ఏ లోటూ లేని తల్లికి పుట్టిన బిడ్డ ఎలా పెరగాలో తేల్చాలి. పొగ తాగని, కడుపునిండా తినే తల్లుల్ని ఎంచుకుని, వాళ్ళ పిల్లల బరువు, పొడవు, తల చుట్టుకొలత తీసేవారు. ఇంకొన్ని దేశాల్లోనూ ఇదే పని జరిగేది. ఆ అంకెలన్నీ కలిసి కాగితం మీద ఒక మెత్తటి వంపుగీత అవుతాయి. ఆ తర్వాత లోకంలో ఏ మూల బిడ్డ పుట్టినా ఆ గీత పక్కన పెట్టి చూస్తారు.

అందుకే నియమం గట్టిది. ప్రతి బిడ్డనూ ఇద్దరు కొలవాలి, మధ్యలో తెర ఉండాలి, ఒకరి అంకె ఒకరు చూడకూడదు. తేడా ఎక్కువైతే మళ్ళీ కొలవాలి.

ఓరిన్‌కి జత వెర్లా హౌగెన్ అనే పాత నర్సు. టేపు చదివేటప్పుడు పెదవులు కదపడం ఆవిడకు అలవాటు. తెర పక్క సందులోంచి ఆ పెదవులు కనిపించేవి. ఓరిన్ వాటిని చదివేవాడు. అచ్చంగా అదే రాస్తే అనుమానం వస్తుందని రెండు మిల్లీమీటర్లు కలిపేవాడు, లేదా తీసేసేవాడు. జీవితం మొత్తంలో అతని సొంత సృష్టి ఆ రెండు మిల్లీమీటర్లే. ఈ సంగతి తర్వాత తనే చెప్పాడు, కాఫీలో బిస్కెట్ ముంచుకుంటూ, వాతావరణం గురించి చెప్పినట్టు.

మినియాపోలిస్ నుంచి వచ్చిన పర్యవేక్షకురాలు వీళ్ళ అంకెలు చూసి మురిసిపోయింది.

"ఇంత బాగా కలిసే జంట ఇంకెక్కడా లేదు. ఏంటి మీ కిటుకు?"

"నాదేముందండీ," అన్నాడు ఓరిన్. "వెర్లా జాగ్రత్తగా కొలుస్తుంది."

అందరూ చప్పట్లు కొట్టారు. వినయమనుకున్నారు.

జనవరిలో కార్లీన్ బెలాంజర్‌కి ఆడపిల్ల పుట్టింది. తల కొలిచేటప్పుడు పిల్ల మెలికలు తిరుగుతుంటే వెర్లా టేపు వెనక నుంచి నెత్తి మీదికి జారింది. ఆవిడ గమనించలేదు. పెదవులు ముప్పై నాలుగు పాయింట్ రెండు సెంటీమీటర్లు అన్నాయి. తన వంతు వచ్చి కొలిస్తే ఓరిన్ టేపు మీద ముప్పై ఆరు కనిపించింది. అతను కాసేపు దాన్ని చూశాడు. తన టేపే తప్పనుకున్నాడు. ముప్పై నాలుగు పాయింట్ నాలుగు అని రాశాడు.

రెండు వారాలకి కార్లీన్ బిడ్డను మళ్ళీ తెచ్చింది. ఈసారి వెర్లా సరిగ్గానే కొలిచింది, ముప్పై ఏడు. పాత అంకె పక్కన కొత్త అంకె చూసి డాక్టర్ మార్గిట్ ఓయెన్ ముఖం మారింది.

"తలలో నీరు చేరుతోందేమో. లోపల చూసి చెప్పేవాళ్ళు దులూత్ పట్నంలోనే ఉన్నారు." ఆవిడ కిటికీ వైపు చూసింది. బయట మంచు అడ్డంగా కురుస్తోంది, ఆకాశానికీ రోడ్డుకీ తేడా చెరిగిపోయింది. "ఈ వాతావరణంలో పసిదాన్ని పంపాలంటే నాకు భయంగా ఉంది. పుట్టిన రోజు కొలత మీద మీ ఇద్దరిలో ఒక్కరికి అనుమానమున్నా చెప్పండి. ఇక్కడే పెట్టుకుని చూస్తాను."

"నేను చూసిందే రాశాను, డాక్టర్," అంది వెర్లా.

కార్లీన్ బిడ్డను గుండెకు అదుముకుని ఓరిన్ వైపు తిరిగింది. "మీరో?"

ఓరిన్ వెర్లా ముఖం చూశాడు.

"వెర్లా చెప్పినట్టే. కాస్త అటూ ఇటూ."

"ఇద్దరూ విడివిడిగానే కొలిచారు కదా?"

"తెర ఉంది కదమ్మా."

దులూత్ దారిలో అంబులెన్స్ జారి గుంటలో ఒరిగింది. లాగే బండి వచ్చేదాకా కార్లీన్ తన కోటు గుండీలు విప్పి, బిడ్డను లోపల పెట్టుకుని, ఆ చిన్న తల మీద ఊపిరి వదులుతూ కూర్చుంది. మంచు అద్దాల మీద ఒక్కో పొరా పరుచుకుంటూ పోయింది. దులూత్‌లో చూసి, పిల్ల తలలో నీరూ లేదు, రోగమూ లేదు అన్నారు. పర్యవేక్షకురాలు ఆ ఒక్క బిడ్డ అంకెలు వింతగా ఉన్నాయని తీసేసింది. ఓరిన్ రాసిన మిగతావన్నీ ఉంచింది. అవి అంత చక్కగా కలిశాయి మరి. ఇప్పుడు ఎక్కడో ఏ తల్లో, పేరైనా వినని ఓరిన్ కలిపిన మిల్లీమీటర్ల పక్కన తన బిడ్డను పడుకోబెట్టి, పాలు చాలడం లేదా అని మాటలు పడుతుంటుంది.

మంచు కరిగే రోజుల్లో కార్లీన్ మళ్ళీ వచ్చింది. వెర్లాకి జ్వరం. బదులు రావలసినావిడ ఇంకా రాలేదు. గదిలో ఓరిన్ ఒక్కడే ఉన్నాడు.

"ఆ రోజు మీ టేపు ఎంత చూపించింది?" అని అడిగింది కార్లీన్.

"అప్పటి మాట ఇప్పుడెందుకులే అమ్మా."

"సరే, ఇవాళెంత చూపిస్తుందో చెప్పండి. మా అమ్మాయి తల బాగానే పెరుగుతోందో లేదో నాకు తెలియాలి. రాత్రుళ్ళు లేచి చేత్తో తడుముకుంటున్నాను."

ఓరిన్ టేపు చుట్టాడు. కనుబొమల మీదుగా, వెనక ఎత్తు మీదుగా, నేర్పినట్టే. అంకె అతని ముక్కు ముందే ఉంది, నల్లగా, స్పష్టంగా. అతను తెర వైపు చూశాడు. అవతల ఖాళీ కుర్చీ, దాని మీద కొద్దిగా ఎండ. పిల్ల అతని చొక్కా గుండీ పట్టుకుంది.

"మీకెంత అనిపిస్తోందమ్మా?" అన్నాడు.

కార్లీన్ అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. అక్కడ ఎవరైనా ఉన్నారేమో వెతికినట్టు చూసింది. తర్వాత టేపు విప్పి అతని చేతిలో పెట్టింది.

"నాకనిపించేదే రాసుకోవాలంటే నేను ఇంట్లోనే ఉండేదాన్ని."

పిల్లకు టోపీ పెట్టి, దుప్పటి చుట్టి, ఎత్తుకుని వెళ్ళిపోయింది.

"అదీ నిజమే," అన్నాడు ఓరిన్.