నా పేరున వచ్చిన కవరు

ఆల్బమ్ తెరవగానే ఎండిన వేపాకు వాసన వస్తుంది. కాగితానికి పురుగు పట్టకుండా ఏటా ఆకులు మారుస్తుంటాను.

అమ్మ పోయాక నాన్న నన్ను అద్దంకిలో మేనత్త దగ్గర వదిలి, గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాగా కుదిరారు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మాఘం దాటాక ఊరి చుట్టూ కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా పరుచుకుని, గాలి ఇటు మళ్ళినప్పుడల్లా వీధి వీధంతా తుమ్ముతుంటే, పిల్లలు ముక్కులకి గుడ్డలు కట్టుకుని మరీ పత్తి కూరిన బోరేల మీద నుంచి దూకే ఆట ఆడేవాళ్ళు. నన్నెవరూ పిలిచేవాళ్ళు కాదు. అరుగు మీద కూర్చుని వాళ్ళ కేకలు వింటుండేదాన్ని.

ఎదురింట్లో ఒంటరిగా ఉండే ఖాసిం మాస్టారు రిటైరైన డ్రాయింగు టీచరు. కొత్త స్టాంపు విడుదలైన రోజునే పెద్ద పోస్టాఫీసులో దాన్ని బొమ్మల కవరు మీద అంటించి, ఆ తేదీ ముద్ర కొట్టి ఇస్తారు; దాన్నే తొలిరోజు కవరంటారు. అలాంటి కవర్లు ఆయన గుంటూరు వెళ్ళి తెచ్చుకునేవారు. రంజాన్ నాడు సేమ్యా గిన్నెతోపాటు కొంగల బొమ్మ కవరొకటి నా చేతికిచ్చి, చూసి తెచ్చివ్వమన్నారు.

నేను దాన్ని నీళ్ళలో నానబెట్టి స్టాంపు ఊడదీశాను. రంగులు కరిగి కొంగలు నీలపు మరకలయ్యాయి. రెండు రోజులు ఆయన కంటపడకుండా తిరిగి, చివరికి తీసుకెళ్ళి ముందు పెట్టాను.

"స్టాంపెందుకు తీశావమ్మా?"

"నాన్నకి ఉత్తరం రాద్దామనండీ."

ముద్ర పడ్డ స్టాంపు మళ్ళీ పనికిరాదని నాకు తెలియదు. ఆయన కోప్పడలేదు. నాన్న పనిచేసే కొట్టు ఎక్కడో మాత్రం అడిగారు.

నెల తిరక్కుండా పోస్టుమాన్ నా పేరు పిలిచాడు. పత్తిపువ్వు బొమ్మ ఉన్న తొలిరోజు కవరు, దాని మీద నా పేరు, నాన్న చేతిరాత. చిరునామా రాసిన కవరంటే సేకరించేవాళ్ళకి లోకువ. అయినా మాస్టారు యార్డుకి వెళ్ళి, బస్తాల మధ్య నాన్నను వెతికి పట్టుకుని రాయించారట. లోపల ఒకటే వాక్యం: సెలవులకి వచ్చి తీసుకెళ్తాను.

సెలవులంతా బస్టాండు దాకా వెళ్ళొచ్చాను. నాన్న రాలేదు.

"రాసేటప్పుడు ఆయన రెండుసార్లు కలం కింద పెట్టారమ్మా," అన్నారు మాస్టారు.

ఆ తర్వాత నాన్న పండక్కోసారి వచ్చిపోయేవారు, నేను అత్తయ్య దగ్గరే పెరిగాను. మాస్టారు కనిగిరిలో తమ్ముడింట్లో పోయారని ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు నాన్నా లేరు. నాకొచ్చే కవర్ల మీద పేరు అచ్చులోనే ఉంటుంది. ఆయన చేత్తో రాసిన నా పేరు ఈ ఒక్క కవరు మీదే మిగిలింది. అందులోనూ చివరి అక్షరం తపాలా ముద్ర కింద పడి కనిపించదు.