తిరగని కార్డు

సువార్త పెళ్లి కాకముందు నుంచీ మాచర్ల దగ్గర క్వారీలో రాళ్లు మోస్తోంది. ఓపెన్ టెన్త్ పాసైతే అంగన్‌వాడీలో ఆయా పని దొరుకుతుందని ఆశపడింది. చదవడానికి తీరిక దొరికేది క్వారీకి పోయొచ్చే ఆటోలోనే. ట్యూషన్ సారు పాఠాలను ఫోనులో చూసే ఫ్లాష్‌కార్డులుగా చేసిపెట్టాడు. ముందు ప్రశ్న కనపడుతుంది, వేలితో తాకితే కార్డు తిరిగి జవాబు వస్తుంది. అందుకే ఫోను కొందామని సెల్ షాపుకు వచ్చింది.

సారు రాసిచ్చిన లింకును షాపతను ఒక్కో ఫోనులో తెరిచి ఇచ్చాడు. చిన్నదీ పెద్దదీ, చివరికి ట్యాబు కూడా ఆమె వేలికి పలకలేదు. రాళ్లు మోసీ మోసీ వేళ్ల కొనలు కాయలు కాశాయి; ఆ మొద్దుబారిన చర్మం తాకినా తెరకు తెలియడం లేదు.

"పెన్నుతో నొక్కేది ఉందక్కా."

"ఆటోలో ఒక చేత్తో కడ్డీ పట్టుకోవాల. రెండో చేత్తో ఫోను పట్టుకోనా, పెన్ను పట్టుకోనా?"

"అయితే బటన్ల ఫోను తీసుకో."

"దాంట్లో ఈ కార్డులు కనపడతయ్యా?"

"కనపడవక్కా."

చేతిలోని ఫోను ఇంకా అడుగుతూనే ఉంది: శిలలు ఎన్ని రకాలు?

"మూడేగదే ముదనష్టపుదానా, తిరగవేందే?" అంటూ కసిగా పొడిచింది. తిరగలేదు.

షాపతను ఫోను తీసుకుని చిటికెన వేలితో అలా తాకాడు. 'మూడు' అని వచ్చింది. అద్దం తుడిచి, డబ్బాలో పెట్టేశాడు.