దట్టించే కర్ర మీద గీత

మొన్న బుధవారం మా పేట సన్నీబ్యాంక్‌లో, కూరల కొట్లో బెండకాయల కొనలు విరిచి చూస్తూ, కొట్టావిడ కోపపు చూపులు తప్పించుకుంటూ ఉండగా మా మేనకోడలు ఫోన్ చేసింది. వాళ్ళ నాన్న, అంటే మా బావగారు, పాతకాలపు తుపాకుల క్లబ్బులో సభ్యులు. గొట్టం మూతిలోంచి మందు పోసి, సీసపు గుండు దట్టించి పేల్చే నాటు రకం తుపాకులకే ఇన్నాళ్ళూ వాళ్ళ శీతాకాలపు వేటలో చోటు. ఇప్పుడు మూతిలోంచే దట్టించేవైనా దుర్భిణీ బిగించిన కొత్తరకం వాటిని కూడా రానివ్వాలా అని శనివారం ఓటింగట. రానివ్వకపోతే క్లబ్బే మిగలదు. ఉన్న సభ్యులందరూ ఒక్క వ్యానులో పట్టేస్తారు, అందులో సగం మందివి మార్చిన మోకాళ్ళు. "నాన్న నో అనే అంటారు మావయ్యా. ఓటు సంగతి పక్కన పెట్టు, హి షుడ్ గివ్ అప్ దట్ ఓల్డ్ గన్. లాస్ట్ వింటర్ నువ్వూ ఉన్నావు కదా," అంది. ఉన్నాను. ఉండబట్టే బెండకాయలు అక్కడే వదిలేసి కార్లో కూర్చుండిపోయాను.

బావగారు ఇక్కడి ఆసుపత్రుల్లో ఏళ్ళ తరబడి ఆపరేషన్లకి మత్తిచ్చే డాక్టరుగా చేశారు. కూరలో ఉప్పు వెయ్యమంటే చెంచా పైన వేలితో గీసి, సమం చేసి మరీ వేసే మనిషి. రిటైరయ్యాక అందరిలా గోల్ఫ్ ఆడుకుంటారనుకుంటే ఈ తుపాకీ తెచ్చుకున్నారు. వేట నుంచి రాగానే లాండ్రీ సింకులో మరిగే నీళ్ళతో గొట్టం కడిగితే ఇల్లంతా కుళ్ళిన గుడ్ల వాసన. శుక్రవారం ఉల్లిపాయైనా ముట్టని మా అక్కయ్య అగరొత్తులు వెలిగించి, పెరట్లోకి వెళ్ళి కూర్చునేది. నిజానికి ఆయనకి పేల్చడం కంటే దట్టించడమే ఇష్టం. కొలిచి మందు పొయ్యడం, కొవ్వు రాసిన గుడ్డముక్క మూతి మీద పరవడం, దాని మీద గుండు పెట్టి కర్రతో అడుక్కంటా దింపడం. ఆ కర్ర మీద ఆయనే ఆకురాయితో ఒక గీత గీసుకున్నారు. సరిగ్గా దట్టిస్తే గీత గొట్టం మూతికి సమంగా నిలవాలి. పైకి నిలిచిందంటే లోపల ఎక్కువేదో ఉన్నట్టు, పేలిస్తే గొట్టమే బద్దలవచ్చు. ఇంకో నియమం కూడా ఉంది, మందు పోసేవాడితో ఎవరూ మాట్లాడకూడదు.

మేనకోడలు పశువుల డాక్టరు. కిందటేడు అది కొత్తరకం తుపాకీ కొంది. మందు పొడి కాదు, బిళ్ళలు. బావగారు దానికి మైక్రోవేవ్ అని పేరు పెట్టారు. జంతువుకి దగ్గరగా, అది మనల్ని పసిగట్టగలిగే దూరానికి వెళ్ళి, ఒకే ఒక్క దెబ్బకి ధైర్యం చెయ్యడమే వేట అని ఆయన వాదన. మీ మసక కళ్ళతో గురిచూసి మీరు గాయపరిచి వదిలిన దుప్పి పొదల్లో పడి కొట్టుకుంటే అదేం న్యాయం అని మేనకోడలి వాదన. కిందటి శీతాకాలం మేం ముగ్గురమే వేటకి వెళ్తూ, కారు వార్విక్ ఊరు దాటేదాకా ఈ గొడవే. ఇద్దరి మాటా నిజమే అనిపించి నేను మురుకుల డబ్బా తెరిచాను.

ఆ ఉదయం పచ్చిక మీద మంచు గడ్డకట్టి ఉంది. తుపాకులంటే నాకు గుండె దడ, నా వాటా ఎప్పుడూ ఫ్లాస్కూ టిఫినూ మోయడమే. బావగారు చెట్టు పక్కన నిలబడి దట్టించడం మొదలుపెట్టారు. మేనకోడలు కొంచెం అవతల దుర్భిణీ తుడుచుకుంటోంది. నేను గ్లాసులో కాఫీ పోసి, పొగలు పోతున్నాయన్న తొందరలో, "బావగారూ, చల్లారిపోతుంది," అన్నాను. ఎంత నియమమైనా ఫిల్టరు కాఫీకి వద్దనడం ఆ మనిషికి చేతకాదు. తాగారు, బావుందన్నారు, గ్లాసు ఇచ్చేసి మళ్ళీ పనిలో పడ్డారు. గుడ్డ పరిచి, గుండు పెట్టి, కర్రతో దింపారు. గీత మూతికి బొటనవేలంత పైన ఆగిపోయింది.

ఆయన ముఖం పాలిపోయింది. "రెండుసార్లు పోశానా?" అని నన్నడిగారు. ఆయన పోసేటప్పుడు నేను గ్లాసు తుడుస్తున్నాను, చూడలేదు. మేనకోడలు వచ్చి తుపాకీ అందుకుంది. కర్ర చివర మర బిగించి గుండు బయటికి లాగేసరికి గంట పట్టింది. మందు కాగితం మీదికి వంపితే సరిగ్గా రెండు కొలతలు. ఈలోగా ఒక దుప్పి కంచె దాకా వచ్చి, మా ముగ్గుర్నీ తీరిగ్గా చూసి వెళ్ళిపోయింది. మళ్ళీ సన్నీబ్యాంక్‌కి తిరుగుదారి పట్టాం. తప్పు నాదేనని అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు.

బుధవారం సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళాను. బావగారు లాండ్రీలో రెండు తుపాకులకీ నూనె పెడుతున్నారు. ఆ కాఫీ నా తప్పేనని ముందు అది చెప్పేశాను. ఆయన తల అడ్డంగా ఊపి, మేనకోడలి తుపాకీ తాలూకు నల్ల కర్ర నా చేతిలో పెట్టారు. దాని మీద ఎర్రటి నెయిల్ పాలిష్‌తో ఒక గీత ఉంది. "ఇవాళే చూశాను. నాకు చెప్పకుండా గీసుకుంది," అన్నారు. ఆ గీత మీద బొటనవేలితో రాస్తూ, "శనివారం కొత్తవాటిని రానివ్వాలనే ఓటేస్తాను. అవి వాడేవాళ్ళ గురించి నాకు బెంగ లేదు. బెంగంతా ఈ చేతుల గురించే," అన్నారు. మరి మీ తుపాకీ సంగతేమిటని అడిగాను. "మందు మా పిల్ల పోస్తుంది. పేల్చేముందు గీత నువ్వు చూడాలి. భయస్థుడివి, నువ్వైతే సరిగ్గా చూస్తావు."

ఒప్పుకున్నాను, ఇంటికొచ్చాక నిద్ర మాత్రం పట్టలేదు. ఈ శీతాకాలం నేనూ వెళ్తాను. గీత మూతికి సమంగా నిలిచేదాకా ఫ్లాస్కు మూత తియ్యను. ఆయనకి నేను కాఫీ పోసే శీతాకాలాలు ఇంకెన్ని ఉన్నాయో ఏ గీత చూసి తెలుసుకోవాలో నాకు తెలీదు.